ఇంట్లో ముగ్గురు, టీకా ఒకటే

గుంటూరు నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు, పేట రాయవద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

భర్తకు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. పెద్దమ్మాయి బీటెక్ పూర్తి చేసింది, ఎంఎస్ చదవడానికి ఆగస్టులో అమెరికా, టెక్సాస్ వెళ్తోంది. డిసెంబరు వస్తే 22 నిండుతాయి. అబ్బాయికి 16. విజయవాడ దగ్గర రెసిడెన్షియల్ కాలేజీలో ఇంటర్ చదువుతున్నాడు, హాస్టల్లో గదికి ఎనిమిది మంది. అత్తగారికి 66 ఏళ్ళు, షుగర్, బీపీ ఉన్నాయి. వచ్చే నెలాఖరులో బంధువులతో కలిసి ఉమ్రాకు, అంటే మక్కా యాత్రకు, బయలుదేరుతున్నారు.

మెనింగోకోకల్ టీకా (మెదడు పొరలకు, రక్తానికి సోకే ఒక జబ్బుకు వేసేది) వేయించుకున్నట్టు రుజువు పంపితే తప్ప రిజిస్ట్రేషన్ కుదరదని యూనివర్సిటీ నుంచి అమ్మాయికి మెయిల్ వచ్చింది. అత్తగారికీ అదే టీకా కావాలని ట్రావెల్స్ అతను ఫోన్ చేశాడు. పక్కింటి అబ్బాయి 23 ఏళ్ళప్పుడు అదే రాష్ట్రానికి వెళ్తే ఎవరూ అడగలేదట, మరి మా అమ్మాయినే ఎందుకు అడుగుతున్నారని ఇంట్లో చర్చ. వీధిలో ఉండే ఆర్‌ఎంపీ గారు "చిన్నప్పుడే మెదడువాపు టీకా పడి ఉంటుందిగా, మళ్ళీ ఎందుకు?" అన్నారు. ఇంతలో అమ్మాయి స్నేహితురాలు ఇంకో దారి చెప్పింది. ఒక క్లినిక్‌లో సూది వేయకుండానే సర్టిఫికెట్ రాసిస్తారట, పదిహేను వందలతో పని అయిపోతుందట. డోసు ఒక్కటి ఐదు వేలకు దగ్గరలో ఉందని విన్న భర్త, అమ్మాయికీ అత్తగారికీ ఆ కాగితాలే తెచ్చేద్దాం అంటున్నారు. లోను, వీసా, విమానం టికెట్ అన్నీ కలిసి ఆయన్ని అప్పటికే ఊపిరాడకుండా చేశాయి. ఈమె మాత్రం ముగ్గురికీ వేయించి తీరాలని పట్టుబట్టారు.

ఆ పట్టుదలకు కారణం ఉత్తరం చివర్లో ఉంది. "నాకు తొమ్మిదేళ్ళప్పుడు, 1986లో, మా తమ్ముడు పోయాడు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. సాయంత్రం వీధిలో గోలీలాడాడు. రాత్రికి జ్వరం, వాంతులు. కాళ్ళు నొప్పులని ఏడ్చాడు. తెల్లారేసరికి తొడల మీద నేరేడు పండు రంగు మచ్చలు. బండి కట్టి తెనాలి తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. ఏం జబ్బో ఎవరూ చెప్పలేదు. ఆ మెయిల్ వచ్చాక ఫోన్లో చదువుతుంటే నా చేతులు వణికాయి. అప్పటినుంచి నిద్ర పట్టడం లేదు. మావారు నాది పిచ్చి టెన్షన్ అంటున్నారు. ఇది భయమా, జాగ్రత్తా మీరే చెప్పండి. ఆ రాత్రే నాన్న తీసుకెళ్ళి ఉంటే తమ్ముడు బతికేవాడా?"

అమ్మా,

మీ చివరి ప్రశ్నకు తప్పకుండా జవాబు చెబుతాను. కానీ అమ్మాయికీ అత్తగారికీ తేదీలు దగ్గర పడుతున్నాయి కాబట్టి ముందు ఆ చిక్కు విప్పుకుందాం.

మీ ముగ్గురికీ కావలసిన టీకా ఒకటే అయినా అవసరాలు మూడు రకాలు. అమ్మాయికి అది నిబంధన, అవసరం కూడా. అత్తగారికి ప్రయాణ షరతు, దానికి తోడు వయసు, షుగర్. అబ్బాయి సంగతి మాత్రం మీ ఇద్దరూ కూర్చుని తేల్చుకోవలసింది. వాడికి వేయించినా తప్పు లేదు, ఇప్పుడు ఆపినా తప్పు లేదు. మీరు ముగ్గురినీ కలిపి "వేయించాల్సిందే" అంటున్నారు, ఆయన ముగ్గురినీ కలిపి "దండగ" అంటున్నారు. మాట తెగకపోవడానికి సగం కారణం అదే.

ఆర్‌ఎంపీ గారు చెప్పిన మెదడువాపు టీకా జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే జబ్బుకు. అది వైరస్ వల్ల వస్తుంది, దోమ కాటుతో మనిషికి చేరుతుంది. మన రాష్ట్రంలో ఆ జబ్బు పిల్లల్ని పొట్టన పెట్టుకున్న ఏళ్ళు ఉన్నాయి కాబట్టి ఆ పేరు అందరి నోళ్ళలో ఉంది. ఇప్పుడు యూనివర్సిటీ అడుగుతున్నది వేరే జబ్బుకు వేసే టీకా. మెనింగోకోకస్ అనేది బ్యాక్టీరియా. దానికి దోమతో పని లేదు, మనిషి నుంచి మనిషికే అంటుకుంటుంది. ఒకదాని టీకా రెండోదాన్ని ఆపదు. పైగా ప్రభుత్వం పిల్లలందరికీ వేసే టీకాల్లో ఇది లేదు. మీరు డబ్బు పెట్టి ప్రత్యేకంగా వేయించి ఉంటే తప్ప మీ పిల్లలకు ఇది పడి ఉండదు.

ఈ బ్యాక్టీరియా పదిమందిలో ఒకరి ముక్కులో, గొంతులో ఉండనే ఉంటుంది. వాళ్ళకు ఏమీ కాదు. టీనేజి పిల్లల్లో, ఇరవైల్లో ఉన్నవాళ్ళలో ఇలా మోసుకు తిరిగేవాళ్ళు ఇంకా ఎక్కువ. దగ్గు తుంపరలు, లాలాజలం, ముద్దులు, ఒకే గదిలో రోజుల తరబడి దగ్గరగా మసలడం, ఇవీ అది వ్యాపించే దారులు. బజారులో ఎదురుపడినంత మాత్రాన అంటుకోదు. ఎక్కడో ఒకరిలో మాత్రం అది గొంతు దాటి రక్తంలోకో, మెదడును కప్పి ఉండే పొరల్లోకో దిగుతుంది. ఆ పొరల వాపునే మెనింజైటిస్ అంటారు. దిగిందంటే ఇక గంటలే. మంచి వైద్యం అందినా వందమందిలో పది నుంచి పదిహేను మంది చనిపోతారు. బతికి బయటపడ్డవాళ్ళలో కూడా వందకు పది, ఇరవై మందికి వినికిడి పోవడమో, మెదడు దెబ్బతినడమో, వేళ్ళో కాళ్ళో తీసేయాల్సి రావడమో జరుగుతుంది. ఈ జబ్బు అరుదు అన్న మీవారి మాట నిజం. వస్తే ఆలోచించుకునే వ్యవధి ఇవ్వదన్న మీ మాటా నిజమే.

ఇప్పుడు అమ్మాయి సంగతి. పక్కింటి అబ్బాయిని ఎందుకు అడగలేదో ముందు చెబుతాను, మీ ఇంట్లో అనుమానం తీరుతుంది. టెక్సాస్ చట్టం ప్రకారం కాలేజీలో కొత్తగా చేరే విద్యార్థికి 22 ఏళ్ళు నిండకపోతే ఈ టీకా రుజువు ఉండాలి. నిండితే అక్కర్లేదు. ఆ అబ్బాయికి 23, మీ అమ్మాయికి డిసెంబరు దాకా 21. తేడా అంతే, ఆమె మీద ఎవరికీ అనుమానం లేదు. ఆ చట్టంలో ఇంకో రెండు షరతులు ఉన్నాయి. టీకా గత ఐదేళ్ళలో వేసుకున్నదై ఉండాలి, క్లాసులు మొదలయ్యే రోజుకు కనీసం 10 రోజుల ముందు పడాలి. ఆ 10 రోజులు ఊరికే పెట్టలేదు. సూది పడ్డాక ఒంట్లో రక్షణ తయారు కావడానికి వారం పది రోజులు పడుతుంది.

ఆమె ముందు దారులు కొన్ని ఉన్నాయి. ఇక్కడే, ఈ నెలలోనే వేయించుకోవడం అన్నిటికన్నా తేలిక. ఒక్క డోసు చాలు. అదే రోజు ఇంకో చేతికి ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకు వేసేది) లాంటి వేరే టీకాలు కూడా వేయించుకోవచ్చు. చాలా యూనివర్సిటీలు క్షయ పరీక్ష కూడా అడుగుతాయి, అందులో ఒక చిక్కు ఉంది. ఎంఎంఆర్ వేసుకున్న రోజే క్షయ పరీక్ష కూడా చేయించాలి, లేదంటే నాలుగు వారాలు ఆగాలి, మధ్యలో చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు. చేతి మీద సూదితో చేసే పరీక్ష, చిన్నప్పుడు వేసిన క్షయ టీకా బీసీజీ వల్ల కూడా పొంగవచ్చు. రక్తపరీక్షకు ఈ బీసీజీ ఇబ్బంది లేదు.

అమెరికా వెళ్ళాక అక్కడే వేయించుకోవడం రెండో దారి. అక్కడ ఫార్మసీల్లోనూ క్యాంపస్ హెల్త్ సెంటర్లోనూ వేస్తారు. కానీ సొంత డబ్బుతో అయితే ఇక్కడికన్నా చాలా ఎక్కువ. స్టూడెంట్ ఇన్సూరెన్స్ ఏ రోజు నుంచి మొదలవుతుందో చూసుకోవాలి. 10 రోజుల నిబంధన ఉంది కాబట్టి, క్లాసులకు రెండు రోజుల ముందు దిగిన పిల్లకు కోర్సుల ఎంపిక ఆగిపోతుంది. అప్పుడు పడే టెన్షన్ ఐదు వేలకన్నా ఖరీదు. ఇంకో దారి కూడా చట్టంలో ఉంది. ఆరోగ్య కారణాల వల్ల డాక్టరు ధ్రువీకరణతోనో, మనస్సాక్షికి విరుద్ధమని ప్రమాణ పత్రం ఇచ్చో మినహాయింపు పొందవచ్చు. నిజంగా వద్దనుకునేవాళ్ళు నిజాయితీగా పోవడానికి ఆ దారి ఉంది. మీ అమ్మాయికి అలాంటి అభ్యంతరం ఉన్నట్టు మీరు రాయలేదు. ఆమెకు ఉన్న ఇబ్బంది డబ్బు ఒక్కటే.

ఇక పదిహేను వందల కాగితం. ఇక్కడ మాత్రం నా మాట కటువుగానే ఉంటుంది. వద్దు. ఆ కాగితం బయటపడితే యూనివర్సిటీ క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. అడ్మిషన్ పోతే దానితో ముడిపడిన విద్యార్థి వీసా కూడా చిక్కులో పడుతుంది. బయటపడకపోతే ఏమవుతుందన్నది నన్ను అంతకన్నా ఎక్కువ కలవరపెడుతోంది. అక్కడ మన పిల్లలు అద్దె పంచుకోవడానికి ఒక చిన్న అపార్ట్‌మెంట్‌లో నలుగురైదుగురు కలిసి ఉంటారు, ఒకే గదిలో పరుపులు పక్కపక్కన వేసుకుంటారు. ఈ బ్యాక్టీరియాకు అంతకన్నా అనువైన చోటు లేదు. ఒకవేళ ఆ క్యాంపస్‌లో కేసులు వస్తే టీకా పడనివాళ్ళను పిలిచి వేస్తారు, రికార్డులో "వేయించుకుంది" అని ఉన్న మీ అమ్మాయిని పిలవరు. ఆమెకే జ్వరం వచ్చి ఎమర్జెన్సీకి వెళ్తే, డాక్టరు ఆ రికార్డు నమ్మి ఆలోచన మొదలుపెడతాడు. నిజం చెప్పాలంటే అమ్మాయి తన అబద్ధాన్ని తనే బయటపెట్టుకోవాలి. 102 డిగ్రీల జ్వరంలో ఆ ధైర్యం వస్తుందో రాదో మనకు తెలియదు. మీవారు ఈ కోణంలో ఆలోచించి ఉండరు. బిడ్డను మోసం చేద్దామని కాదు కదా, ఖర్చు తగ్గిద్దామనే ఆయన అన్నారు. కాబట్టి దెబ్బలాట లేకుండా ఈ ఒక్క సంగతి నెమ్మదిగా చెప్పండి.

టీకా వేయించాక రుజువు కాగితం మీద అమ్మాయి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. పుట్టిన తేదీ, టీకా పేరు, బ్యాచ్ నంబరు, వేసిన తేదీ, డాక్టరు సంతకం, ముద్ర ఉండాలి. తేదీలో నెలను అంకెల్లో కాకుండా అక్షరాల్లో రాయించండి. అమెరికాలో నెల ముందు, రోజు తర్వాత రాస్తారు. మనం జులై 8 అనుకుని 8-7 అని రాస్తే వాళ్ళు ఆగస్టు 7 అని చదువుతారు, 10 రోజుల లెక్క తప్పి కాగితం తిరిగొస్తుంది.

ఒక సంగతి అమ్మాయికి కూడా చెప్పండి. ఈ బ్యాక్టీరియాలో జబ్బు తెచ్చే ముఖ్యమైన రకాలు ఎ, బి, సి, డబ్ల్యు, ఎక్స్, వై అని ఆరు. మన దగ్గర వేసేది ఎ, సి, డబ్ల్యు, వై నాలుగింటికి. అమెరికా కుర్రకారులో కనిపించే బి రకానికి వేరే టీకా ఉంది, అక్కడ 16 నుంచి 23 ఏళ్ళవాళ్ళు డాక్టరుతో మాట్లాడి వేయించుకుంటారు. అది తప్పనిసరి కాదు. వెళ్ళాక క్యాంపస్ డాక్టరును అడిగి, ఇన్సూరెన్స్ ఇస్తే వేయించుకోవచ్చు. అది కుదరకపోతే ప్రయాణం ఆపుకోవలసిన పని లేదు.

అత్తగారి విషయంలో నాకు సందేహమే లేదు. హజ్‌కు, ఉమ్రాకు వచ్చేవాళ్ళు ఈ నాలుగు రకాల టీకా వేసుకోవాలన్నది సౌదీ ఆరోగ్య శాఖ నిబంధన. అక్కడ దిగడానికి కనీసం 10 రోజుల ముందు వేసుకోవాలి. కాంజుగేట్ రకం (ప్రోటీన్ జోడించి చేసిన కొత్త తరహా) టీకా అయితే ఐదేళ్ళు, పాత పాలీసాకరైడ్ రకం అయితే మూడేళ్ళు చెల్లుతుంది. సర్టిఫికెట్ మీద ఏ రకమో స్పష్టంగా రాయించండి, లేకపోతే తక్కువ గడువే లెక్కలోకి వస్తుంది. విమానాశ్రయంలో ఆ కాగితం అడుగుతారా లేదా అని ట్రావెల్స్ వాళ్ళు రకరకాలుగా చెబుతారు, ఆ చర్చలోకి పోకండి.

ఈ నిబంధన వెనక చాలామంది చావులు ఉన్నాయి. 1987లో హజ్‌లో ఎ రకం వ్యాపించింది. 2000లో డబ్ల్యు రకం వచ్చింది. అప్పటికి చాలామంది యాత్రికులు ఎ, సి రకాలకు మాత్రమే టీకా వేసుకుని ఉన్నారు. వాళ్ళు తిరిగి వెళ్ళిన దేశాల్లో, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళకు కూడా జబ్బు వచ్చింది. ఆ తర్వాతే నాలుగు రకాలకూ టీకా కావాలన్నారు. 2024లో కూడా ఉమ్రాకు వెళ్ళొచ్చినవాళ్ళలో, వాళ్ళ దగ్గరివాళ్ళలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్‌లలో కేసులు బయటపడ్డాయి. తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) చేసేటప్పుడు భుజం భుజం రాసుకునే ఆ జనంలో 66 ఏళ్ళ మనిషి, షుగర్ ఉన్న మనిషి, దొంగ కాగితంతో నిలబడడం నాకు ఊహించుకోవడానికే కష్టంగా ఉంది. ఆరాధన కోసం చేసే ప్రయాణానికి ముందే అబద్ధపు సంతకం చేయించడం అత్తగారికి మాత్రం నచ్చుతుందా? ఆమెకు చెప్పే చేస్తున్నారో లేదో మీరు రాయలేదు. నా సలహా, ఆమెనూ కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఒళ్ళు ఆమెది, యాత్రా ఆమెదే.

మీకు ఎదురు కాగల ఇబ్బంది ఒకటుంది. కొన్ని క్లినిక్‌లలో "55 దాటినవాళ్ళకు వేయం" అంటారు. మెనాక్ట్రా, మెన్వియో లాంటి టీకాల లేబుల్ మీద 55 వరకు అని ఉంటుంది, ఎందుకంటే వాటి పరీక్షలు ఎక్కువగా ఆ వయసు వరకే జరిగాయి. పెద్దవాళ్ళకు ప్రమాదమని తేలి పెట్టిన గీత కాదు అది. మెన్‌క్వాడ్‌ఫీ అనే టీకాకు పై వయసు పరిమితి లేదు. అది దొరకకపోతే, యాత్రికులకు టీకాలు వేయడం అలవాటున్న డాక్టరు దగ్గరికి వెళ్ళి వయసు చెప్పి అడగండి. వెళ్ళేటప్పుడు ఆమె మందుల చీటీలు తీసుకెళ్ళండి. రక్తం పలచబడే మందు వాడుతుంటే సూది వేసినచోట కాస్త ఎక్కువసేపు నొక్కి పట్టాలి, అంతే. షుగర్, బీపీ ఈ టీకాకు అడ్డం కావు. ఇంతకు ముందు ఏ టీకాకైనా ఊపిరాడని స్థాయిలో అలర్జీ వచ్చి ఉంటే మాత్రం ముందే చెప్పాలి. ఎలాగూ వెళ్తున్నారు కాబట్టి ఫ్లూ టీకా గురించి కూడా అడగండి. ఆ జనంలో ఆమెకు అది కూడా పనికొస్తుంది.

ప్రభుత్వ హజ్ కమిటీ ద్వారా వెళ్ళేవాళ్ళకు జిల్లాల్లో శిబిరాలు పెట్టి ఈ టీకా వేస్తారు. ప్రైవేటు ట్రావెల్స్‌లో ఉమ్రాకు వెళ్ళేవాళ్ళు సొంత ఖర్చుతో వేయించుకోవాలి. "హజ్‌కు ఫ్రీ కదా, మాకెందుకు డబ్బు?" అన్న ప్రశ్న మీ ఇంట్లో వస్తుంది, అందుకే చెబుతున్నాను.

అబ్బాయి దగ్గరికి వద్దాం. మీకు ఎక్కువ బాధ ఉన్నది ఇక్కడేనని ఉత్తరం చదివితే తెలుస్తోంది. గదికి ఎనిమిది మంది అని రెండు చోట్ల రాశారు. మన దేశంలో ఈ జబ్బు విడివిడిగా ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, పెద్దగా వ్యాపించింది మాత్రం ఉత్తరాదిలో, ఈశాన్యంలో. 1966, 1985, 2005లో ఢిల్లీలో, 2008, 2009 ప్రాంతంలో మేఘాలయ, త్రిపురల్లో. ఇక్కడి పిల్లల డాక్టర్ల సంఘం ఈ టీకాను పిల్లలందరికీ వేయమని చెప్పదు. ప్లీహం తీసేసిన పిల్లలు, రోగనిరోధక శక్తిలో కొన్ని లోపాలు ఉన్నవాళ్ళు, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళు, హజ్‌కూ విదేశీ చదువులకూ వెళ్ళేవాళ్ళు, జబ్బు వ్యాపించిన చోట ఉన్నవాళ్ళు, వీళ్ళకు వేయమంటుంది. మీ అబ్బాయి ఆరోగ్యంగా ఉన్నాడు. హాస్టల్ అన్న మాట ఒక్కటే వాడిని ఆ జాబితాలోకి తేదు.

ఇప్పుడు వేయిస్తే ఏమిటి లాభం? 16 దాటాక ఒక్క డోసు సరిపోతుంది, హాస్టల్ ఏళ్ళన్నీ రక్షణ ఉంటుంది, మీకు నిద్ర పడుతుంది. తల్లి నిద్రను నేను తీసిపారేయను. కానీ ఈ రక్షణ ఐదేళ్ళకు తగ్గుముఖం పడుతుంది. అక్కలాగే వాడూ 21 ఏళ్ళకు విదేశం వెళ్తే, అప్పుడు అడిగే "గత ఐదేళ్ళ" గీత దాటిపోయి మళ్ళీ వేయించాల్సి రావచ్చు. ఇంటర్ అయిపోగానే విదేశంలో డిగ్రీ ఆలోచన ఉంటే మాత్రం ఇప్పుడు వేసినదే పనికొస్తుంది. ఇప్పుడు ఆపితే ఏమవుతుంది? చాలా చిన్న ప్రమాదాన్ని మోస్తారు. మన ఊళ్ళో చాలామంది తల్లిదండ్రులు మోస్తున్నది అదే. నా ఇంట్లో అయితే, చేతిలో డబ్బు ఆడుతుంటే వేయిస్తాను. ఈ నెల ఇబ్బందిగా ఉంటే అమ్మాయికీ అత్తగారికీ ముందు పూర్తిచేసి, వాడిది దసరా సెలవులకు పెట్టుకుంటాను. ఆ ఐదు వేల కోసం అప్పు చేయను, భర్తతో మాటలు మానేయను.

టీకా వేయించినా వేయించకపోయినా వాడికి చెప్పాల్సింది ఒకటి ఉంది, దానికి పైసా ఖర్చు లేదు. హఠాత్తుగా పెద్ద జ్వరం వచ్చి, దానితో భరించలేని తలనొప్పి, వాంతులు, మెడ బిగుసుకుని గడ్డం ఛాతీకి ఆనకపోవడం, వెలుతురు చూడలేకపోవడం, మత్తుగా పడి ఉండటం, మాట తడబడటం, వీటిలో ఏవి కలిసినా వార్డెన్ ఇచ్చే పారాసిటమాల్ వేసుకుని తెల్లారేదాకా పడుకోకూడదు. ఒళ్ళు కాలుతుంటే చేతులు, కాళ్ళు చల్లబడటం, పిక్కలు విపరీతంగా నొప్పి పుట్టడం ఇంకా ముందే కనిపించే గుర్తులు. మచ్చలు కనిపిస్తే గాజు గ్లాసు తీసుకుని దాని పక్క భాగాన్ని మచ్చ మీద గట్టిగా అదిమి చూడాలి. మామూలు దద్దురైతే గ్లాసు కింద పాలిపోతుంది. ఈ మచ్చ గ్లాసులోంచి అలాగే ఎర్రగా, ఊదాగా కనిపిస్తుంది. మన చామనఛాయ ఒంటి మీద మొదట్లో ఆనవు కాబట్టి అరచేతులు, అరికాళ్ళు, కింది కనురెప్ప లోపల, నోట్లో అంగిలి చూడాలి. మచ్చలు వచ్చేదాకా మాత్రం ఆగకూడదు. 108కి ఫోన్ చేయాలి, ఆస్పత్రిలో "మెనింజైటిస్ ఏమోనని భయంగా ఉంది" అని నోరు తెరిచి చెప్పాలి. రక్తనాళంలోకి ఇచ్చే సెఫ్‌ట్రియాక్సోన్ లాంటి యాంటీబయాటిక్ ఎంత త్వరగా పడితే అంత మేలు. గదిలో మిగతా పిల్లలకు కూడా డాక్టరు నివారణ మందు ఇస్తారు, 24 గంటల్లోపు ఇస్తే మంచిది. ఇవన్నీ అబ్బాయికీ, వార్డెన్‌కీ ఈసారి కాలేజీకి వెళ్ళినప్పుడు మీరే చెప్పండి. టీకా వేసుకున్న పిల్లకూ ఇది వర్తిస్తుంది. బి రకం, వేరే బ్యాక్టీరియాలు తెచ్చే మెనింజైటిస్ ఈ టీకాకు లొంగవు.

ఇప్పుడు తమ్ముడి సంగతి. ఆ రోజు ఏ పరీక్షా జరగలేదు కాబట్టి అది ఈ జబ్బేనని ఎవరూ తేల్చి చెప్పలేరు. మీరు రాసిన వరస మాత్రం, సాయంత్రం ఆట, రాత్రి వాంతులు, కాళ్ళ నొప్పులు, తెల్లారేసరికి ఊదా మచ్చలు, దీనికి బాగా దగ్గరగా ఉంది. మరికొన్ని జబ్బులు కూడా ఇలాగే కమ్ముకొస్తాయి. "నాన్న రాత్రే తీసుకెళ్ళి ఉంటే" అని అడిగారు. 1986లో తెనాలి దగ్గర పల్లెలో, రాత్రివేళ, జ్వరం వచ్చిన ఏడెనిమిదేళ్ళ పిల్లాడికి తడిగుడ్డ వేసి తెల్లారేదాకా చూడటం ఏ తండ్రయినా చేసేదే. రాత్రి కనిపించినవి జ్వరం, వాంతులు. అవి ఆ వయసు పిల్లలకు నెలకోసారి వచ్చేవే. మచ్చలు తెల్లారాక వచ్చాయి, చూడగానే ఆయన బండి కట్టారు. ఈ రోజు కార్పొరేట్ ఆస్పత్రుల మధ్య ఉన్న చదువుకున్న తల్లిదండ్రులు కూడా తొలి గంటల్లో దీన్ని మామూలు జ్వరమే అనుకుంటారు. రాత్రే తీసుకెళ్ళి, సరైన మందు అదే గంటలో పడి ఉంటే ఒక అవకాశం ఉండేది, ఆ మాట దాచను. కానీ ఆ అవకాశం మీ నాన్నగారికి కనిపించేలా లేదు. ఇప్పుడు మనం మాట్లాడుకుంటున్న కాంజుగేట్ టీకాలైతే అప్పటికి ప్రపంచంలో ఎక్కడా లేవు.

మీది పిచ్చి భయం కాదు. కళ్ళారా చూసిన మనిషికి ఉండే భయం. అది మిమ్మల్ని రెండు విషయాల్లో సరైన చోటికే తీసుకొచ్చింది, మూడోదాంట్లో అవసరానికి మించి తోసింది. ఇన్నేళ్ళలో తమ్ముడు ఎలా పోయాడో మీవారికి పూర్తిగా చెప్పారా? ఉత్తరం చదివితే చెప్పినట్టు అనిపించలేదు. ఆయనకు తెలిసింది "చిన్నప్పుడు జ్వరంతో పోయిన బావమరిది" అంతే అయితే, మీ పట్టుదల ఆయనకు అర్థం లేనిదిగానే కనిపిస్తుంది. డబ్బు మాట ఎత్తకముందు ఆ రాత్రి సంగతి చెప్పండి. నిద్ర పట్టకపోవడం, చేతులు వణకడం ఇంకో రెండు వారాలకు కూడా తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోవడానికి మొహమాటపడకండి. దానికీ వైద్యం ఉంది.

డబ్బు మాట వచ్చినప్పుడు పదిహేను వేలు అనకండి. ఇప్పుడు కావలసింది ఇద్దరికి, అబ్బాయిది తర్వాత చూద్దాం అనండి. కొత్తపేటలో రెండు మూడు ఆస్పత్రులకు ఫోన్ చేసి ధర, స్టాకు కనుక్కోండి, మందుల ధరకూ వేసే ఫీజుకూ కలిపి తేడాలుంటాయి. మందుల షాపులో చవగ్గా కొని, కవర్లో పెట్టుకుని ఎండలో స్కూటర్ మీద క్లినిక్‌కి తీసుకెళ్ళే పని మాత్రం చేయవద్దు. ఈ టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి, గడ్డకట్టినా పాడవుతుంది. మిర్చిని కోల్డ్ స్టోరేజీలో పెట్టి రంగు కాపాడుకునే మీవారికి ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. ఎక్కడ వేస్తారో అక్కడి ఫ్రిజ్‌లోంచే తీసి వేయాలి. మెన్వియోలో ఒక రకం రెండు సీసాలుగా వస్తుంది, ఒకదాంట్లో పొడి, ఇంకోదాంట్లో ద్రవం. రెండూ కలిపాకే వేయాలి, ద్రవం ఒక్కటే వేస్తే ఎ రకానికి రక్షణ ఉండదు. మీ ముందే కలపమని అడగండి, ఏమీ అనుకోరు.

వేశాక చెయ్యి నొప్పి, కాస్త తలనొప్పి, ఒకటి రెండు రోజులు నలతగా ఉండటం మామూలే. వయసు పిల్లలు సూది పడగానే కళ్ళు తిరిగి పడిపోతుంటారు, అందుకని అమ్మాయిని పావుగంట కుర్చీలోనే కూర్చోబెట్టండి. అత్తగారి ప్రయాణం ముందు కాబట్టి ఆమె తేదీకి 10 రోజులు వెనక్కి లెక్కపెట్టి, అంతకన్నా నాలుగు రోజులు ముందే ఇద్దరినీ ఒకేసారి తీసుకెళ్ళండి. స్టాకు తెప్పించడానికి కొన్ని ఆస్పత్రులు రెండు మూడు రోజులు అడుగుతాయి, ఫోన్ మాత్రం రేపే చేయండి.